కడుపుతో ఉన్నప్పుడు బీపీ వస్తే ఏం చెయ్యాలె, మన నెంబరు మన చేతిల ఎట్ల పెట్టుకోవాలె

మొదటి కాన్పుల నాకు 33వ వారం నడుస్తుండంగ రెండు రోజులు ఒకటే తలనొప్పి. ఎండల తిరిగినవ్ గద అందుకే అన్నది అమ్మ, నేను కూడ అదే అనుకొని బామ్ రాసుకొని తలకు గుడ్డ కట్టుకొని పండుకున్న. మూడో రోజు పొద్దుగాల వాకిట్ల ముగ్గేస్తుంటే ఒక్కొక్క చుక్క రెండు రెండు కనపడ్డది, పక్కకు చూస్తే మిణుగురు పురుగులు తిరిగినట్టు అయింది. అదే టైంకు ఆశా అక్క పక్కింటికి వచ్చింది, నా ముఖం చూసి ఏందే ఇట్ల ఉబ్బినవ్ అని చెయ్యి పట్టుకొని సబ్ సెంటర్‌కు తీస్కపోయింది. అక్కడ బీపీ 170/110 ఉన్నది. సిస్టరమ్మ ఇంకొకసారి చూసి ఏం మాట్లాడకుండ 108కు ఫోన్ చేసింది.

తర్వాత దవాఖానల పండుకున్నప్పుడు పాత చీటీలు తీసి చూస్తే, పదిహేను రోజుల కింద నేను చూపించుకునే ప్రైవేటు దవాఖానల రాసిన చీటి మీద 142/92 అని ఉన్నది. రాసినోళ్లు చెప్పలే, నేను అడగలే. ఆ నెంబరుకు అర్థం ఏందో నాకు అప్పుడే తెలిసుంటే ఆ పదిహేను రోజులు ఊరికే పోకపోవు. అందుకనే ఇది రాస్తున్న. నేను డాక్టర్‌ను కాదు, గోలీలు ఏవి ఎంత అనేది మీ డాక్టరమ్మనే చెప్పాలె, కానీ ఏం అడగాలె, ఏం చూస్కోవాలె, ఎప్పుడు ఉరకాలె అనేది ఒక ఆడపిల్లగా ఇంకో ఆడపిల్లకు చెప్పగలుగుత.

ముందుగాల ఇది ఏందో తెలుసుకోండి

కడుపుల ఉన్నప్పుడు వచ్చే బీపీ, మన నాయినకో మామకో ఉండే బీపీ ఒకటి కాదు. 20 వారాలు అంటే అయిదో నెల దాటినంక కొత్తగా బీపీ 140/90 గాని అంతకు ఎక్కువ గాని వస్తే దాన్ని గర్భం వల్ల వచ్చిన బీపీ అంటరు. దానితోటి మూత్రంల ప్రోటీన్ పోతున్నా, లేకుంటే లివర్, కిడ్నీ, రక్తంల ప్లేట్‌లెట్లు దెబ్బతింటున్నా ప్రీఎక్లాంప్సియా అంటరు. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా, మా నాయనమ్మ కాలంల దీన్నే గుర్రపువాతం అనేటోళ్లు. 20 వారాల కంటే ముందే బీపీ ఉంటే అది పాత బీపీ కింద లెక్క, దానికి మందులు వేరే తీరుగ చూస్తరు. ప్రపంచం మొత్తం మీద కడుపుతో ఉన్నోళ్లల్ల వందకు 2 నుంచి 8 మందికి ప్రీఎక్లాంప్సియా వస్తదని లెక్క, అంటే ఒక మండలంల చూసినా మనకు తెలిసినోళ్లు ఉండే ఉంటరు, చెప్పుకోరు అంతే.

ఎందుకు వస్తది అంటే మూలం మాయల, అంటే కడుపుల బిడ్డకు రక్తం అందించే మావిల ఉన్నది. కడుపు నిలబడ్డ మొదటి నెలలల్ల మాయకు రక్తం తెచ్చే నరాలు మంచిగ వెడల్పు కావాలె, కొంతమందిల అవి సరిగ కావు, అప్పుడు మాయకు రక్తం చాలక అది కొన్ని పదార్థాలు తల్లి రక్తంలకు వదులుతది, అవి ఒంట్ల ఉన్న రక్తనాళాలన్నిటి లోపలి పొరను పాడు చేస్తయి. నువ్వు టెన్షన్ పడ్డవ్ అందుకే వచ్చింది, మామిడికాయ తొక్కు ఎక్కువ తిన్నవ్ అందుకే వచ్చింది అని ఇంట్ల అంటరు, నన్ను మస్తు అన్నరు. ఏదో మూడో నెలల మాయ కాడ మొదలైన దానికి ఎనిమిదో నెలల తిన్న తొక్కు ఎట్ల కారణం అయితది? ఈ ఒక్క మాట తెలిసుంటే నేను అన్ని రోజులు ఏడ్వకపోదును.

మూడో నెల నిండకముందే: నాకు రిస్క్ ఉన్నదా అని అడగండి

పేరు రాయించుకోనీకి ఏఎన్‌ఎం దగ్గరికో డాక్టర్ దగ్గరికో పోయినప్పుడే ఈ సంగతులు మీరే చెప్పండి, వాళ్లు అడిగేదాక ఆగకండి. మొదటి కాన్పా, కవలలా, వయసు 35 దాటిందా, ముందు కాన్పుల బీపీ వచ్చిందా, మీ అమ్మకో అక్కకో కాన్పప్పుడు బీపీ వచ్చి ఉన్నదా, షుగర్, కిడ్నీ జబ్బు, పాత బీపీ, లూపస్ (ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు) లాంటివి ఉన్నయా, బరువు బాగ ఎక్కువ ఉన్నరా, పోయిన కాన్పుకు ఈ కాన్పుకు పదేండ్ల గ్యాప్ వచ్చిందా, ఐవీఎఫ్ తోని నిలబడ్డదా. మా అమ్మను తర్వాత అడిగితే నిదానంగ చెప్పింది, నా ముందు పుట్టిన పిల్లగాడు కడుపులనే పోయినప్పుడు ఆమెకు కాళ్లు చేతులు ముఖం అంత ఉబ్బినయంట, ఫిట్స్ కూడ వచ్చినయంట, గాలి సోకిందని తాయెత్తు కట్టించిన్రంట. ముప్పై ఏండ్లు ఆ మాట ఎవ్వరు ఎత్తలే. మీ ఇంట్ల గూడ ఇసొంటి కథ ఉండొచ్చు, కూసోబెట్టి అడగండి.

ఎందుకు ముందే అడగాలె అంటే, రిస్క్ ఉన్నోళ్లకు చిన్న డోసు ఆస్పిరిన్ గోలీ 75 నుంచి 150 మిల్లీగ్రాముల దాక డాక్టర్ రాస్తరు, అది 12 వారాలు దాటినంక, 16 వారాల లోపల మొదలువెడితేనే మంచిగ పనిచేస్తది. ఏడో నెలల పోయి అడిగితే ఆ టైం దాటిపోయి ఉంటది. సొంతంగ మెడికల్ షాపుల కొనుక్కొని మింగకండి, అడిగి మాత్రం తప్పకుండ రండి, నాకు ఆస్పిరిన్ అవసరమా మేడం అని ఒక్క మాట.

కాల్షియం గోలీలు గూడ అంతే. సర్కారు దవాఖానల 14 వారాల నుంచి పూటకు 500 మిల్లీగ్రాముల చొప్పున దినాం రెండు ఇస్తరు, కాన్పు అయినంక ఆరు నెలలు గూడ వేసుకోవాలె. మా దిక్కు సగం మంది అవి అల్మారల పెట్టి ఉంచుతరు, ఎముకల గోలీలు గద అని. తిండిల కాల్షియం తక్కువ ఉన్నోళ్లకు ఇవి బీపీ ముదరకుండ గూడ సాయం చేస్తయి. అన్నం తిన్నంక వేసుకోండి, ఐరన్ గోలీ, ఇది ఒకేసారి వేసుకోవద్దు, రెండు గంటలు తేడా ఉండాలె. అంగన్‌వాడీల ఆరోగ్యలక్ష్మి కింద పెట్టే అన్నం, గుడ్డు, పాలు సిగ్గుపడకుండ పోయి తినండి.

ఉప్పు సంగతి గూడ ఇక్కడనే చెప్త. పచ్చడి, అప్పడం, ప్యాకెట్ల కారపూస తగ్గిస్తే మంచిదే, కానీ నాకు మా అత్తమ్మ నెల రోజులు ఉప్పు లేని పప్పు పెట్టింది, నోటికి పోక నేను జొన్నరొట్టె సగం తిని లేచేదాన్ని, బరువు తగ్గిన. ఉప్పు బంద్ చేస్తే ఈ జబ్బు రాకుండ ఆగదు. నీళ్లు తక్కువ తాగితే వాపు తగ్గుతదనేది గూడ తప్పే. దినమంతా మంచానికి అతుక్కొని ఉంటే ఆగుతదనేది గూడ నిజం కాదు, అలిసినప్పుడు రెస్టు తీస్కోండి అంతే.

బీపీ చూపించుకునేటప్పుడు

ఇది చిన్న పని అనిపిస్తది గానీ నా దృష్టిల ఇదే అన్నిటికంటె పెద్ద పని, ఎందుకంటే బీపీ మనకు తెల్వదు. 150 ఉన్నా వంట చేస్కుంటం, బట్టలు ఉతుక్కుంటం, బతుకమ్మ ఆడుకుంటం. మెషిన్ తప్ప ఇంకేది చెప్పదు. అందుకని ఆ మెషిన్ సరిగ చెప్పేటట్టు మనం కూసోవాలె.

బస్సు దిగి ఉరుక్కుంట పోయి చెయ్యి చాపకండి, అయిదు నిమిషాలు కుర్చీల వీపు ఆనిచ్చి కూసోండి. మూత్రం వస్తుంటే ముందు పోయి రండి. కాళ్లు నేలకు ఆనాలె, కాలు మీద కాలు వేయొద్దు. చెయ్యి బల్ల మీద గుండెకు సమానంగ ఉండాలె. పట్టీ బట్ట మీదికెల్లి కాదు, జాకెట్ చెయ్యి పైకి మలిచి చర్మం మీద కట్టాలె, చెయ్యి లావు ఉన్నోళ్లకు చిన్న పట్టీ కడితే నెంబరు ఎక్కువ వస్తది కాబట్టి పెద్ద పట్టీ ఉన్నదా అని అడగండి. చూస్తున్నంతసేపు మాట్లాడొద్దు. ఎడమ పక్కకు పండుకొని పై చేతికి చూస్తే నెంబరు తక్కువ చూపిస్తది, అది చూసి తగ్గింది లే అని ఇంటికి పంపితే మోసపోయినట్టే, కూసోబెట్టి మళ్లొకసారి చూడమనండి. ఎక్కువ వస్తే కొంచెం ఆగి రెండోసారి చూడమనండి.

ఆ తర్వాత అసలు సంగతి. ఎంత వచ్చింది అని అడగండి. నార్మలే అమ్మా అంటే సరే అని లేచి రాకండి, పైది ఎంత కిందిది ఎంత మేడం అని మళ్ల అడగండి, తల్లీబిడ్డల కార్డుల రాయించుకోండి, మీ ఫోన్ల గూడ తారీఖు వేసి రాసుకోండి. ఎదురు అడిగితే కోపం జేస్తరేమో అని మనకు భయం ఉంటది, నాకు గూడ ఉండె. కోపం జేసినా పర్వాలేదు. మూత్ర పరీక్ష గూడ పోయిన ప్రతిసారి చెయ్యమనండి, ఒక పట్టీ ముంచి చూసే పరీక్షే, అండ్ల ప్రోటీన్ ఒక ప్లస్ గాని ఎక్కువ గాని వస్తే పెద్ద పరీక్షకు పంపాలె. మూత్రంల ఏం లేదు కాబట్టి ఏం కాదు అనుకోవద్దు, ప్రోటీన్ లేకుండ గూడ లివర్, ప్లేట్‌లెట్లు దెబ్బతినే తీరు ఉంటది, అందుకే బీపీ ఎక్కువ ఉంటే రక్త పరీక్షలు గూడ చేస్తరు.

ప్రతి నెల 9వ తారీఖున సర్కారు దవాఖానలల్ల ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద కడుపుతో ఉన్నోళ్లకు పైసలు లేకుండ డాక్టర్ చూస్తరు, ఇది 2016 నుంచి నడుస్తున్నది. రిస్క్ ఉన్నోళ్ల కార్డుకు ఎర్ర స్టిక్కర్ వేస్తరు. ఎర్ర స్టిక్కర్ వేసిన్రని ఒక చెల్లె ఏడ్చుకుంట వచ్చింది నా దగ్గరికి, అది మచ్చ కాదురా, ఏ దవాఖానకు పోయినా ముందుగాల నిన్ను చూడాలె అని దానికి అర్థం అని చెప్పిన. ప్రైవేటుల చూపించుకుంటున్నా సరే ఈ 9వ తారీఖు ఒకటి వదలకండి, రెండో కన్ను పడ్డట్టు ఉంటది.

తల్లిగారింటికి పోయేటప్పుడు మన దగ్గర పెద్ద సందు వస్తది. నా అత్తగారిల్లు దేవరకొండ దిక్కు, తల్లిగారిల్లు డిండి దాటి అచ్చంపేట దిక్కు, ఏడో నెలల నన్ను తోల్కపోయినంక ఇక్కడి ఆశా అక్క అక్కడికి పోయింది గద అనుకున్నది, అక్కడి ఆశా అక్కకు నేను వచ్చినట్టే తెల్వదు. చీర, గాజులతోటి కార్డు గూడ పెట్టుకోండి, పోయిన రెండో రోజే అక్కడి ఏఎన్‌ఎం దగ్గర పేరు రాయించుకోండి. పాలమూరు దిక్కు నుంచి పుణె, ముంబైకి కట్టడం పనులకు పోయే అక్కలు, మీరు గూడ కార్డు వెంట తీస్కపోండి, 9వ తారీఖు చూసేది అక్కడి సర్కారు దవాఖానలల్ల గూడ ఉంటది.

ఇంట్ల మెషిన్ కొనే స్తోమత ఉంటే చేతి దండకు కట్టేదే కొనండి, మణికట్టుకు పెట్టేది అంత నమ్మకం కాదు. కొన్నంక ఒకసారి దవాఖానకు తీస్కపోయి వాళ్ల మెషిన్ పక్కన పెట్టి చూడండి, రెండు దగ్గర దగ్గర వస్తున్నయా అని.

ఏ నెంబరుకు ఏం చెయ్యాలె

పైది 140 గాని కిందిది 90 గాని, ఏ ఒక్కటి వచ్చినా, దాటినా అదే రోజు డాక్టర్‌కు చెప్పాలె, వచ్చే నెల పోత అనుకోవద్దు. పైది 160 గాని కిందిది 110 గాని వచ్చినా, దాటినా అది ఎమర్జెన్సీ, తలనొప్పి ఉన్నా లేకున్నా, అర్ధరాత్రి అయినా బయల్దేరాలె. ఈ రెండు లైన్లు ఒక కాగితం మీద రాసి టీవీ పక్కన గోడకు అతికించండి, ఇంట్ల అందరి కంట్ల పడాలె, ఎందుకంటే ఆ టైంకు మీకు చెప్పే ఓపిక ఉండకపోవచ్చు.

మెషిన్ చెప్పకున్నా ఒళ్లు చెప్పేవి కొన్ని ఉన్నయి. గోలీ వేసుకున్నా తగ్గని తలనొప్పి. కళ్లు మసకలు, మెరుపులు, ఒకటి రెండు కనపడుడు. పొట్ట పైభాగంల, కుడి పక్క పక్కటెముకల కింద నొప్పి, దీన్ని మాత్రం జర జాగ్రత్తగ చూడండి, అందరు గ్యాస్ అనుకొని సోడా తాగుతరు, అది లివర్ ఉబ్బుతున్న నొప్పి కావొచ్చు. ఏడో నెల దాటినంక కొత్తగ వాంతులు. ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బుడు, గాజులు ఎక్కకపోవుడు, ఉంగరం బిగుసుకపోవుడు. దమ్ము రాకపోవుడు. మూత్రం తక్కువ వచ్చుడు. బిడ్డ కదలికలు తగ్గుడు. ఇండ్ల ఒక్కటి ఉన్నా పోవాలె, అన్నీ ఉండాలని ఏం లేదు.

కాళ్ల వాపు గురించి మన దిక్కు రెండు తప్పులు చేస్తరు. కడుపుతో ఉన్నోళ్లకు కాళ్లు వాస్తయి, మామూలే అని వదిలేస్తరు, చాలమందికి అది నిజంగనే మామూలు. ఇంకొకటి, కాళ్లు వాయలేదు గద బీపీ ఎక్కడిది అంటరు, వాపు అస్సలు లేకుండ గూడ ప్రీఎక్లాంప్సియా వస్తది. వాపు లేదని ధైర్యం తెచ్చుకోవద్దు, వాపు చూసి భయపడి ఊకోవద్దు, మెషిన్ దగ్గరికి పోవాలె.

ఫిట్స్ వస్తే ఇంట్లోళ్లు ఏం చెయ్యాలె

ఇది మీ ఆయనకో అమ్మకో ఇప్పుడే చదివి వినిపించండి. ఎడమ పక్కకు తిప్పి పండబెట్టాలె, నోట్లె నుంచి వచ్చేది బయటికి పోయేటట్టు. నోట్లె చెంచా, గుడ్డ, ఏలు ఏదీ పెట్టొద్దు. నీళ్లు పొయ్యొద్దు. చేతుల తాళంచెవులు, ఇనుము పెట్టుడు వల్ల ఏం ఆగదు, అందుకోసం ఉరికే టైంల 108కు ఫోన్ చేయండి. చేతులు కాళ్లు గట్టిగ పట్టి నొక్కొద్దు, దెబ్బ తగిలే సామాన్లు జరపండి చాలు. ఫిట్స్ ఆగి లేచి మాట్లాడినా సరే తోల్కపోవాల్సిందే, మళ్ల వస్తది. దేవుని కాడికో మంత్రగాని కాడికో ముందు పోదాం అనే పెద్దమనిషి ప్రతి ఇంట్ల ఒకరు ఉంటరు, వాళ్లకు కాన్పుకు ముందే నచ్చజెప్పి పెట్టుకోండి.

బయల్దేరేటప్పుడు

ఏడో నెల నుంచే ఒక సంచి సదిరి పెట్టండి. కార్డు, స్కానింగ్ కాగితాలు, రక్తం గ్రూపు కాగితం, ఆధార్, వేసుకునే గోలీల అట్టలు, బీపీ నెంబర్లు రాసుకున్న కాగితం, చార్జర్, రెండు పాత మెత్తటి బట్టలు, పైసలు. మామూలు చెకప్‌కు పోనీకి 102 అమ్మ ఒడి బండి ఉన్నది, ఎమర్జెన్సీకి 108. అమ్రాబాద్ దిక్కు అడివిల ఉన్న పెంటలల్ల, అంటే చెంచు గూడేలల్ల, సిగ్నల్ ఉండదు, గసొంటి దగ్గర ఉన్నోళ్లు నెలలు నిండక ముందే టౌన్‌ల చుట్టాల ఇంటికి వచ్చి ఉంటే మేలు.

ఫోన్‌ల ఇట్ల చెప్పండి: ఎనిమిదో నెల, బీపీ 170/110, తలనొప్పి ఉన్నది. కడుపునొప్పి లేస్తుంది అని చెప్తే వేరే ఉంటది, నెంబరు చెప్తే వాళ్లకు తొందర అర్థమైతది. ఇంకొక ముఖ్యమైన సంగతి, ఏ దవాఖానకు పోవాలె అని ముందే తేల్చుకోండి. రక్తం దొరికేది, పెద్దాపరేషన్ రాత్రి గూడ చేసేది, నెలలు నిండని బిడ్డలను చూసే ఎస్ఎన్‌సీయూ ఉన్నది కావాలె, అంటే నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ లాంటి మెడికల్ కాలేజీ ఉన్న దవాఖానలు, అక్కడి నుంచి అవసరం పడితే హైదరాబాద్ పెద్ద దవాఖానలు. మధ్యల మూడు దవాఖానలు తిరిగి పోవుడు వల్ల పానం మీదికి వస్తది. పంపేటోళ్లను, ఇక్కడనే ఫిట్స్ రాకుండ ఆపే మొదటి మెగ్నీషియం ఇంజక్షన్, బీపీ గోలీ ఇచ్చి పంపండి అని అడగండి, రెఫర్ చీటి మీద ఎప్పుడు ఇచ్చిన్రో రాయించుకోండి.

దవాఖానల ఏం జరుగుతది

నాకు ఎవ్వరు ఏం చెప్పకుండ చేసిన్రు కాబట్టి నేను మస్తు భయపడ్డ, మీకు ముందే చెప్తున్న.

మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్ ఇస్తరు, నరంల కొంత, రెండు పిర్రలకు లోతుగ కొంత. ఒళ్లంతా మంటలల్ల పడ్డట్టు వేడి వస్తది, పిర్రలు రెండు రోజులు సలుపుతయి, నాకైతే పురిటినొప్పుల కంటె అదే గుర్తున్నది. కానీ వద్దని అనకండి. ఫిట్స్ రాకుండ ఆపేది అదే, 2002ల వచ్చిన మ్యాగ్‌పై ట్రయల్‌ల 33 దేశాలల్ల పది వేలకు పైన ఆడోళ్లల్ల సగం మందికి ఇచ్చి చూస్తే, ఇయ్యనోళ్ల కంటె వీళ్లల్ల ఫిట్స్ వచ్చేటోళ్లు సగానికి పైగ తగ్గిన్రు. మోకాలు మీద సుత్తెతో కొట్టి చూస్తరు, మూత్రం సంచి పెట్టి కొలుస్తరు, ఊపిరి లెక్కవెడతరు, ఇవన్నీ ఆ మందు ఎక్కువ కాకుండ చూసే పనులు. మీ వెంట ఉన్నోళ్లు సంచిల మూత్రం వస్తలేదు అని గమనిస్తే వెంటనే సిస్టర్‌కు చెప్పాలె.

బీపీకి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా అనే మందులు కడుపుల బిడ్డకు ఇబ్బంది లేనివని వాడుతరు. ఆస్తమా ఉంటే చెప్పండి, లాబెటలాల్ వాళ్లకు పడదు. ఇంట్ల అత్తమ్మ వేసుకునే బీపీ గోలీ ఒకటి వేసుకో బిడ్డా అంటే మాత్రం వేసుకోకండి, టెల్మిసార్టన్, లోసార్టన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ కడుపుల బిడ్డ కిడ్నీలకు చేటు. పాత బీపీకి ఇవి వాడుకుంట ఉండి కడుపు నిలబడ్డోళ్లు అదే వారంల డాక్టర్‌ను కలిసి మార్పించుకోవాలె, సొంతంగ బంద్ చేసి కూసోవద్దు.

బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడనీకి నెలలు తక్కువున్నోళ్లకు స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇస్తరు. ఇగ కాన్పు ఎప్పుడు అనేది, బీపీ అదుపుల ఉండి ఏం దెబ్బతినకపోతే 37 వారాల దాక ఆగి చేస్తరు, ముదిరితే 34 దాటినంక ఆగరు, ఇంకా ముదిరితే అంతకు ముందే చేస్తరు. దీనికి మందు అంటే మాయ బయటికి వచ్చుడే. కాబట్టి నెలలు నిండకముందే తీస్తమంటే పైసల కోసం అనుకొని సంతకం పెట్టకుండ కొట్లాడకండి, ఎందుకు అని అడగండి, ప్లేట్‌లెట్లు ఎన్ని, లివర్ ఎట్లున్నది, బిడ్డకు రక్తం అందుతున్నదా అని అడగండి. బీపీ అంటేనే పెద్దాపరేషన్ అని గూడ లేదు, అదుపుల ఉంటే నొప్పులు తెప్పించి మామూలు కాన్పు చేస్తరు. నాకు టైం లేకుండె, ఆపరేషన్ చేసిన్రు, పాప కిలో ఆరువందలు.

పాపను నేను మూడో రోజు చూసిన. అంతకు ముందు మా ఆయన ఫోన్‌ల వీడియో చూపిచ్చిండు, చేతికి సూది, ముక్కుకు గొట్టం, నా అర చెయ్యి అంత పిల్ల. నాకు ఏడుపు గూడ రాలే. చాల రోజులు ఈ పిల్ల నాదే అనిపించలే. ఇట్ల అయితదని ఎవరన్న ముందు చెప్పి ఉంటే నేను చెడ్డ తల్లినేమో అని అనుకోకపోయేదాన్ని. బిడ్డ ఎస్ఎన్‌సీయూ లోపల ఉంటే మీరు చేయగలిగేది, రెండు మూడు గంటలకు ఒకసారి పాలు పిండి పంపుడు, మొదట చుక్కలే వస్తయి, ఆపకండి. చూడనిచ్చే టైం అడగండి, కంగారూ లెక్క ఛాతికి హత్తుకొని పెట్టుకునేది నేర్పియ్యమనండి. సర్కారు దవాఖానల కాన్పుకు, ఆపరేషన్‌కు, పుట్టిన బిడ్డ వైద్యానికి పైసలు కట్టేది లేదు, ఎవరన్న అడిగితే ఎందుకు అని అడగండి.

కాన్పు అయినంక ఆరు వారాలు

అందరు ఇక్కడనే మోసపోతరు. కాన్పు అయింది ఇగ బీపీ పోయింది అనుకుంటరు. కాన్పు అయినంక మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యల బీపీ మళ్ల పైకి లేస్తది, సరిగ్గ మనల్ని ఇంటికి పంపే టైంకు. ఫిట్స్ గూడ ఎక్కువగ మొదటి రెండు రోజులల్ల వస్తయి గానీ ఆరు వారాల దాక వచ్చే అవకాశం ఉన్నది, కడుపుల ఉన్నప్పుడు బీపీ లేనోళ్లకు గూడ కాన్పు తర్వాత కొత్తగ వస్తది. నాకు అయిదో రోజు 164/106 వచ్చింది. డిశ్చార్జి చీటి మీద బీపీ గోలీలు రాసిన్రు, బాలింతకు వేడి చేస్తది, పాల తోటి పిల్లకు పోతది అని ఇంట్ల ఆపిచ్చిన్రు. పాలిచ్చేటోళ్లకు సరిపోయే మందులే రాస్తరు, డాక్టర్ చెప్పేదాక ఆపొద్దు.

ఇంటికి వచ్చినంక మూడు రోజులల్ల ఒకసారి, వారం పది రోజులకు ఇంకొకసారి బీపీ చూపించుకోవాల్సిందే, ఆశా అక్క బిడ్డను చూడనీకి ఇంటికి వచ్చినప్పుడు నన్ను గూడ చూడక్కా అని చెయ్యి చాపండి. బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చుడు, చీకటి అర్రల పండబెట్టుడు ఉంటది మన దగ్గర, ఆ చీకట్ల కళ్లు మసకలైనా తెల్వదు. తలనొప్పి వస్తే, ఆపరేషన్‌కు ఇచ్చిన మత్తు సూది వల్ల అని అందరు తేల్చేస్తరు, బీపీ చూసినంకనే ఆ మాట అనమనండి. పురుడు చేసే రోజు చుట్టాలందరు ఉంటరు, ఆ హడావుడిల గోలీ మర్చిపోవద్దు.

మళ్ల కడుపు నిలబడకుండ గ్యాప్ కోసం మాలా-ఎన్ లాంటి గోలీలు బీపీ ఉన్నోళ్లు అడగకుండ మొదలువెట్టొద్దు, అండ్ల ఉన్న హార్మోన్ బీపీ పెంచుతది. కాపర్ టీ తోని ఆ ఇబ్బంది లేదు.

రాత్రిపూట నిద్ర రాకపోవుడు, దవాఖాన బండి చప్పుడు వింటే గుండె దడ, ఊకె ఏడుపు, ఇవి వారాల తరబడి ఉంటే అది గూడ చెప్పుకోవాల్సిన సంగతే. టెలిమానస్ నెంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగుల మాట్లాడుతరు, పైసలు కావు.

మూడు నెలల తర్వాత, ఆ తర్వాత

కాన్పు అయ్యి 12 వారాలు నిండినంక పోయి బీపీ, మూత్రం చూపించుకోండి. అప్పటికీ తగ్గకపోతే అది పాత బీపీ కిందికి వచ్చినట్టు, దానికి వైద్యం వేరే. రెండో కాన్పుల మళ్ల వస్తదా అని అందరు అడుగుతరు. ప్రీఎక్లాంప్సియా వచ్చినోళ్లల్ల దాదాపు ఆరుగురిల ఒకరికి మళ్ల వస్తది, 34 వారాల లోపల కాన్పు చేయాల్సి వచ్చినోళ్లకు ముగ్గురిల ఒకరికి. నేను మూడింట ఒకటి లెక్క కిందనే ఉన్న, అందుకే రెండోసారి నెల తప్పిన వారంలనే పోయిన, డాక్టరమ్మ రాసినట్టు ఆస్పిరిన్ 12 వారాలు దాటంగనే మొదలువెట్టిన, ఇంట్ల మెషిన్ పెట్టుకొని నోట్‌బుక్కుల రాసుకున్న. 36వ వారంల 144/92 వచ్చింది. అదే రోజు పోయిన, చేర్చుకున్నరు, 37 నిండంగనే నొప్పులు తెప్పియ్యకుండ మళ్ల ఆపరేషనే చేసిన్రు, బాబు రెండు కిలోల ఏడువందలు, నా పక్కలనే పండుకున్నడు.

ఈ జబ్బు వచ్చి పోయినోళ్లకు ముందు ముందు బీపీ, గుండె జబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం మిగతా ఆడోళ్ల కంటె దాదాపు రెండింతలు, బీపీకైతే ఇంకా ఎక్కువ. పదేండ్లకో ఇరవై ఏండ్లకో ఏ డాక్టర్ కాడికి పోయినా, మోకాళ్ల నొప్పులకు పోయినా సరే, నాకు కాన్పప్పుడు ప్రీఎక్లాంప్సియా వచ్చింది అని చెప్పండి, వాళ్లు అడగరు. డిశ్చార్జి కాగితాలు పారెయ్యకుండ ఇంటి కాగితాలు, పాస్‌బుక్కులు పెట్టే పెట్టెల పెట్టండి. ఏడాదికి ఒకసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి, నేను పాప పుట్టినరోజు దాటిన సోమవారం పోత, గుర్తుంటదని. మా అమ్మను గూడ మొన్న తోల్కపోయి చూపిచ్చిన, 158/94 వచ్చింది, ఆమెకు ఇప్పుడు గోలీలు నడుస్తున్నయి.